పదో నంబరుకు విరాసత్ లేదు

ప్రశ్న:

సార్, నమస్కారం. మాది కాజీపేట. నా వయసు 20. హనుమకొండలో డిగ్రీ చదువుతూ మా దగ్గరి ఫుట్‌బాల్ క్లబ్బుకు నాలుగేళ్ళుగా ఆడుతున్నాను. ఎడమ పక్క అంచున ఆడతాను, 17వ నంబరు జెర్సీ వేసుకుంటాను. మా క్లబ్బులో 10వ నంబరును 16 ఏళ్ళ పాటు ఒకే అన్న వేసుకున్నారు. చుట్టుపక్కల జిల్లాల్లో టోర్నమెంట్లు ఆడేవాళ్ళందరికీ ఆయన తెలుసు. మా క్లబ్బు పేరు తెలియనివాళ్ళు కూడా "ఆ పదో నంబరాయన టీం" అంటారు. మోకాలు బాగాలేక ఆయన పోయిన ఏడాది ఆడడం మానుకున్నారు. అప్పటి నుంచి ఆ నంబరును ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు కోచ్ సార్ నన్ను పిలిచి, దసరా తర్వాత జరిగే టోర్నమెంటుకు 10 నువ్వే వేసుకోవాలె అన్నారు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. గ్రౌండ్ గోడ మీద కూర్చునే పెద్దమనుషులు "ఆ అంగీ బరువు నీకు తెల్వదు బిడ్డా, ఇంకో రెండేండ్లు ఆగు" అంటున్నారు. దోస్తులేమో అప్పుడే నా ఫొటోకు 10 అంటించి వాట్సాప్‌లో తిప్పేశారు. ఓడిపోతే తిట్లన్నీ నీకే పడతాయని మా నాన్న వద్దంటున్నారు. ఆ అన్న మాత్రం నాతో ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం వస్తారు, ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని చూసి పోతారు. ఆయనను అడగడానికి నాకు నోరు రావడం లేదు. నేను ఆయనలా ఆడలేనని నాకు తెలుసు. నంబరు తీసుకోవాలా, వద్దనాలా?

ఒక ఆటగాడు, కాజీపేట

సమాధానం:

తమ్ముడూ,

నీ ప్రశ్న ఉత్తరం చివర ఉంది గానీ, నీ చిక్కు దానికి ఒక్క వాక్యం ముందే ఉంది. "నేను ఆయనలా ఆడలేనని నాకు తెలుసు" అని రాశావు. ఉత్తరమంతా మళ్ళీ చదివి చూశాను. ఆయనలా ఆడమని నిన్ను అడిగినవారు అందులో ఒక్కరూ లేరు. కోచ్ అడగలేదు, గోడ మీది పెద్దమనుషులు అడగలేదు, మీ నాన్న అసలే అడగలేదు, ఆ అన్న నోరే విప్పలేదు. ఆ షరతు నీకు నువ్వే పెట్టుకున్నావు. కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను: నంబరు తీసుకో. అయితే ఆ జెర్సీ ఒంటి మీదికి వచ్చేలోపల తేల్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావరకు నీ ఉత్తరంలో లేవు.

మన దగ్గర భూమి తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు మారడాన్ని విరాసత్ అంటాము. అది మనిషి పోయాక జరిగే పని. వారసుడెవరో తేల్చి పాసుపుస్తకంలో పేరు మారుస్తారు, అంతటితో సరి. ముందటి మనిషి ఆ చెలకలో ఏం పండించాడో నువ్వూ అదే పండించాలని ఏ కాగితమూ అడగదు. నువ్వు ఈ నంబరును విరాసత్‌లాగా ఊహించుకుంటున్నావు, పైగా పాసుపుస్తకంలో లేని షరతును కూడా దానికి తగిలించుకున్నావు. ఫుట్‌బాల్‌లో నంబరును నిజంగా ఇంటి ఆస్తిలాగా చూసిన క్లబ్బు ఒకటుంది, ఇటలీలోని మిలాన్. పావ్లో మాల్దీనీ 2009లో ఆట మానుకున్నాక అతని 3వ నంబరును పక్కన పెట్టి, అతని కొడుకుల్లో ఎవరైనా ఆ క్లబ్బు పెద్ద జట్టుకు ఆడితే వారికే ఇస్తామన్నారు. తర్వాత కొడుకు డానియెల్ ఆ జట్టులోకి వచ్చాడు కూడా. వచ్చి, వేరే నంబరుతోనే ఆడాడు. సొంత రక్తానికే వర్తించని విరాసత్ నీ మెడకు ఎందుకు చుట్టుకోవాలి?

అసలు ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి చూద్దాం, ఎందుకంటే నీ భయంలో సగం అక్కడే కరుగుతుంది. ఇంగ్లండులో 1928 ఆగస్టు 25న ఆర్సెనల్, చెల్సీ జట్లు వేర్వేరు మ్యాచ్‌లలో వీపుల మీద అంకెలతో ఆడాయి. 1939 నాటికి అక్కడి లీగులో అది నియమమైంది. ఆ అంకె మనిషిది కాదు, చోటుది. గోల్‌కీపర్ 1, వెనక కాపు కాసే ఇద్దరు 2, 3, నడిమి వరుస 4, 5, 6, ముందు వరుస ఐదుగురు కుడి నుంచి ఎడమకు 7 నుంచి 11. ఈ లెక్కన ముందు వరుసలో నడిమి ఆటగాడికీ ఎడమ అంచు ఆటగాడికీ మధ్య తిరిగేవాడు 10. నువ్వు ఆడే అంచు 11వ వానిది. వారం వారం ఎవరు ఆ చోట ఆడితే ఆ అంకె వారిది. సాయంత్రానికి జెర్సీ విప్పి మూటలో పడేస్తే ఇక ఎవరిదీ కాదు.

ఆ 10కి ఇంత పేరు రావడం వెనక కాగితాల పొరపాటు ఒకటుంది. స్వీడన్‌లో జరిగిన 1958 ప్రపంచ కప్పుకు బ్రెజిల్ వాళ్ళు ఆటగాళ్ళ జాబితా పంపినప్పుడు ఎవరికి ఏ నంబరో రాయలేదు. నంబర్లను పైవాళ్ళు తమకు తోచినట్టు వేశారు. గోల్‌కీపర్ గిల్మార్‌కు 3 వచ్చింది చూడు, అంత తోచినట్టు. అందులోనే 17 ఏళ్ళ పిల్లవాడు పెలేకు 10 పడింది. ఆ పిల్లవాడు ఆరు గోల్స్ కొట్టి, కప్పు గెలిచి ఇంటికి పోయాక ఆ అంకె ప్రపంచమంతటా మరో రకంగా వినబడడం మొదలైంది. మీ గ్రౌండ్ గోడ మీద కూర్చున్న పెద్దమనుషులు "అంగీ బరువు" అని దేన్ని అంటున్నారో, అది స్వీడన్‌లో ఒక గుమస్తా పని నుంచి మొదలైందని వాళ్ళకు చెప్పకు. నమ్మరు, పైగా కోపం వస్తుంది.

సీజనంతా ఒక ఆటగాడికి ఒకే నంబరు, వీపు మీద పేరు అనే పద్ధతిని ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ 1993లో మొదలుపెట్టింది. నంబరు చోటును వదిలి మనిషికి అంటుకున్నది అలాగే. మనిషికి అంటుకున్నది గనుకనే, మనిషి పోయాక ఎవరికివ్వాలన్న ఈ తంటా కూడా వచ్చింది. నీ ఉత్తరం ఆ తంటాకు మన వరంగల్ దాకా వచ్చిన కొస.

మాంచెస్టర్ యునైటెడ్ 7వ నంబరు సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా అందులో నీకు పనికివచ్చే భాగం వేరే ఉంది. ఎరిక్ కంటోనా 1997లో ఆట మానేశాక ఆ నంబరు డేవిడ్ బెక్‌హామ్‌కు వచ్చింది. బెక్‌హామ్ 2003లో రియల్ మాడ్రిడ్‌కు పోయాడు. అక్కడ 7 పాత ఆటగాడు రావుల్‌ది, కాబట్టి ఈ ప్రపంచ ప్రసిద్ధుడు మాట్లాడకుండా 23 వేసుకున్నాడు. ఇక్కడ యునైటెడ్‌లో లిస్బన్ నుంచి వచ్చిన 18 ఏళ్ళ క్రిస్టియానో రొనాల్డో, పాత క్లబ్బులో వేసుకున్న 28 ఇమ్మని అడిగాడు. కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ కాదని 7 చేతిలో పెట్టాడు. నీలాగానే ఆ పిల్లవాడు కూడా ఆ నంబరును అడగలేదన్నది గుర్తుపెట్టుకో. తర్వాత కథ అందరికీ తెలుసు. అతను 2009లో రియల్ మాడ్రిడ్‌కు పోతే అక్కడ అప్పటికీ రావుల్ ఉన్నాడు. లోకంలోకెల్లా ఎక్కువ ధర పలికిన ఆటగాడు ఒక ఏడాది 9 వేసుకుని, రావుల్ వెళ్ళాకే 7 అందుకున్నాడు.

రొనాల్డో వదిలిన ఆ ఏడును యునైటెడ్‌లో ఎంతమంది వేసుకున్నారో లెక్క పెట్టుకుంటూ పోతే జాలి వేస్తుంది: మైకెల్ ఓవెన్, ఆంటోనియో వాలెన్సియా, ఏంజెల్ డి మరియా, మెంఫిస్ డిపై, అలెక్సిస్ సాంచెజ్. సాంచెజ్ ఆ క్లబ్బుకు 45 మ్యాచ్‌లాడి ఐదు గోల్సే చేశాడు. జనం "శాపం" అన్నారు. చెల్సీ 9వ నంబరును కూడా అలాగే అంటారు. ఈ శాపం మాట నేను ఒప్పుకోను. డి మరియా యునైటెడ్‌లో ఉన్నది ఒక్క సీజను. తర్వాత పోయి పారిస్‌లో ఏళ్ళ తరబడి గొప్పగా ఆడాడు. అతని కాలు మారలేదు, చుట్టూ ఉన్న జట్టు మారింది. ఫెర్గూసన్ తప్పుకున్నాక తరచూ కోచ్‌లను మార్చిన క్లబ్బులో, ఎవరు ఎక్కడ ఆడాలో ఏటా కొత్తగా తేల్చుకుంటున్న క్లబ్బులో, వేరే అంకెలు వేసుకున్న చాలామందికి కూడా అదే గతి పట్టింది. కాకపోతే వాళ్ళ అంకెల మీద ఎవరి కళ్ళూ లేవు.

వీళ్ళందరిలో నాకు నచ్చినవాడు వాలెన్సియా. ఈక్వెడార్ మనిషి, నీలాగే అంచు ఆటగాడు. కుడి పక్క పరిగెత్తడం, బంతిని లోపలికి పంపడం, వెనక్కి వచ్చి కాపు కాయడం, ఇంతే అతని పని. 2012లో 25 వదిలి 7 తీసుకున్నాడు. ఆ సీజన్లో అతని ఆట పడిపోయింది. మరుసటి ఏడాది తన 25 తనకు తిరిగి ఇమ్మని అడిగి తీసుకున్నాడు. ఎవరూ ఉరి తీయలేదు. అదే 25తో క్రమంగా వెనక వరుసకు మారి, 2017లో యూరోపా లీగ్ ఫైనల్‌లో జట్టుకు కెప్టెన్‌గా మైదానంలోకి దిగాడు. నీ భయమంతా ఈ నంబరు ఒకసారి వేసుకుంటే జీవితాంతం మోయాలన్నట్టుగా ఉంది. అది జెర్సీ తమ్ముడూ, పచ్చబొట్టు కాదు. ఒక సీజను చూసుకో. కుదరకపోతే కోచ్ చేతికిచ్చి 17 తెచ్చుకో. ఆ మాట ఇప్పుడే, నంబరు తీసుకునే రోజే కోచ్‌తో అనుకుంటే ఇంకా మంచిది. ఓడిన రోజు సాయంత్రం అంటే అలిగినట్టుంటుంది.

బార్సిలోనా 10వ నంబరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అక్కడ పొరపాటు ఇచ్చినవాళ్ళది. లియోనెల్ మెస్సీకి ఆ నంబరు 2008లో రొనాల్డీన్యో వెళ్ళాక వచ్చింది. అంతకు ముందు 30, తర్వాత 19 వేసుకున్నవాడు. 2021 ఆగస్టులో అతను ఏడుస్తూ క్లబ్బును వదిలాడు. స్పెయిన్ లీగులో పెద్ద జట్టు నంబర్లు 1 నుంచి 25 లోపే ఉండాలి గనుక 10ని దాచిపెట్టడం కష్టం, ఎవరో ఒకరు వేసుకోవాలి. నెల తిరగకుండానే దాన్ని 18 ఏళ్ళ ఆన్సు ఫాతికి ఇచ్చారు. ఆ పిల్లవాడు అప్పటికి పది నెలలుగా మోకాలి దెబ్బతో ఆటకే దూరంగా ఉన్నాడు. తిరిగి వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే, లెవాంటె జట్టు మీద, చివరి నిమిషాల్లో గోల్ కొట్టాడు. స్టేడియం కన్నీళ్ళు పెట్టుకుంది. తర్వాత మళ్ళీ దెబ్బలు, మళ్ళీ బెంచీ, చివరికి అద్దెకు వేరే క్లబ్బులు. అతని మోకాలిని అంకె దెబ్బతీసిందని నేననను. కానీ ఇంటి పెద్ద పోయిన దుఃఖంలో ఉన్న జనాన్ని ఊరడించడానికి, ఇంకా సరిగా పరిగెత్తలేని పిల్లవాడి వీపును వాడుకున్నారనే అంటాను. 2025లో అదే నంబరు లామిన్ యమాల్‌కు ఇచ్చారు, అతని వయసూ అప్పటికి 18. కానీ అప్పటికే అతను ఆ జట్టులో రోజూ ఆడుతున్నాడు, స్పెయిన్‌తో యూరో కప్పు గెలిచి ఉన్నాడు. ఇద్దరికీ వయసు ఒకటే, అంకె ఒకటే. ఒకనికి జనం కోసం ఇచ్చారు, ఇంకొకనికి అతని ఆట చూసి ఇచ్చారు.

నువ్వు కోచ్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న ఇక్కడ ఉంది. "సార్, నాకెందుకు?" అని అడుగు. వినయంగా అడుగు, కానీ జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడు. "నంబరు ఖాళీగా ఉంటే బాగుండదు", "చందాలిచ్చేవాళ్ళు అడుగుతున్నారు" లాంటి జవాబు వస్తే, ఒక టోర్నమెంటు ఆగుదామని చెప్పు. "పోయిన సీజన్లో నీ ఆట చూశాను" అంటే ఇక మాట్లాడకుండా తీసుకో.

రెండో ప్రశ్న చోటు గురించి. నువ్వు అంచున ఆడేవాడివి, ఆ అన్న నడుమ తిరిగినవాడు అయి ఉంటాడని నంబరును బట్టి అనుకుంటున్నాను. నంబరుతో పాటు నిన్ను నడిమికి జరపబోతున్నారా, లేక అంచునే ఉంచుతారా? ఇది తేలకుండా జెర్సీ మీద చెయ్యి వేయకు. కెవిన్ కీగన్ 1977లో లివర్‌పూల్ వదిలి జర్మనీకి పోయినప్పుడు, ఆ 7 వేసుకోవడానికి కెన్నీ డాల్‌గ్లిష్‌ను గ్లాస్గో నుంచి 4 లక్షల 40 వేల పౌండ్లకు తెచ్చారు. బ్రిటన్ క్లబ్బుల మధ్య అప్పటికి అదే రికార్డు ధర. కీగన్ ఒక్క చోట నిలవనివాడు, పరుగే అతని ఆట. డాల్‌గ్లిష్ కొంచెం వెనక్కి జరిగి, ఒంటిని అడ్డం పెట్టి బంతిని దాచుకుని, పక్కవాడికి దారి చూపేవాడు. ఒకరి ఆటకూ మరొకరి ఆటకూ పోలిక లేదు. జట్టు తన ఆటను అతని చుట్టూ సర్దుకుంది. మరుసటి ఏడాది యూరోపియన్ కప్ ఫైనల్‌లో బెల్జియం క్లబ్బు బ్రూజ్ మీద పడిన ఒకే ఒక్క గోల్ అతనిదే.

ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ టోర్నమెంట్లలో కొంపలు ముంచేది. పెనాల్టీలు, ఫ్రీ కిక్కులు ఇన్నేళ్ళు ఆ అన్నే కొట్టి ఉంటాడు. 10 వేసుకున్నావు కదా అని పెనాల్టీ పడగానే జనం నీ వైపు చూస్తారు, నీ కాలు దానంతట అదే ముందుకు పడుతుంది. ఎవరు కొట్టాలో ముందే రాసి పెట్టించు. మన జిల్లా మ్యాచ్‌లలో ఎదుటి జట్టుకు నీ పేరు తెలియదు, బెంచీ మీద నుంచి "పదో నంబరోన్ని పట్టుకోండ్రా" అని అరుస్తారు. అంటే 17తో నీ వెనక ఒకడు తిరిగితే, 10తో ఇద్దరు తిరుగుతారు. దీన్ని బాధగా చూడవద్దు. నువ్వు ఎడమ అంచుకు అతుక్కుని నిలబడితే ఆ ఇద్దరూ అక్కడికే వస్తారు, నడిమిలో మీవాడికి చోటు దొరుకుతుంది. ఆ నంబరు మొదటి రెండు మ్యాచ్‌లలో మీ జట్టుకు చేసి పెట్టే మేలు ఇదే కావచ్చు, కోచ్‌కు ఈ మాట నువ్వే చెప్పు.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. నీ వయసుకు ఒకటి రెండేళ్ళు ఎక్కువున్నప్పుడు నేను హనుమకొండలో 6 వేసుకుని నడిమి వరుసలో ఆడేవాణ్ణి. మా ముందు వరుసలో 9 వేసుకునే పెద్దాయన ఆట మానుకుంటే, ఆ చోటు నాకిచ్చారు. ఆయన జెర్సీ నాకు మోకాళ్ళ దాకా వచ్చింది. కొత్తది కుట్టించడానికి పైసల్లేవు. చౌరస్తా దగ్గరి దర్జీ నా పాత జెర్సీనే తీసుకుని, బ్లేడుతో దారాలు కోసి 6ను ఊడదీసి, తలకిందులు చేసి, 9గా మళ్ళీ కుట్టేశాడు. రెండు రూపాయల పని. జెర్సీ ఎర్రది, ఎండకు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. కానీ ఇన్నాళ్ళు తెల్ల గుడ్డ కప్పిన చోట పాత ఎరుపు అలాగే ఉంది. తలకిందులు చేసిన గుడ్డ ఆ గుర్తు మీద సరిగా కూర్చోలేదు. 9 పక్కనే 6 ఆకారం ఎర్రగా బయటికి కనబడేది. వెనక నుంచి చూసినవాళ్ళు "నీది ఆరా తొమ్మిదా రా" అని నవ్వేవారు.

ఆ పెద్దాయన గోల్‌కు వీపు చేసి నిలబడి, బంతిని రొమ్ము మీద ఆపి, పక్కకు పెట్టేవాడు. నేనూ అట్లాగే నిలబడ్డాను. నాకు రొమ్మూ లేదు, బరువూ లేదు. వెనక నుంచి ఎవడు తగిలినా బోర్లా పడేవాణ్ణి. మూడు మ్యాచ్‌లు అలా పోయాయి. మూడో మ్యాచ్ అయ్యాక ఆయన వచ్చి నా పక్కన కూర్చుని, బూటు దారాలు విప్పుకుంటున్న నా చేతుల వైపు చూస్తూ అడిగాడు: "నువ్వెందుకురా ఎనుకకు తిరిగి నిలబడుతున్నవ్? నేనంటే ఉరకలేక అట్ల నిలబడేటోన్ని." మూడేళ్ళుగా మేమంతా గొప్ప పద్ధతి అనుకుని చూసినది, పనిచేయని మోకాలికి ఆయన కనిపెట్టుకున్న ఉపాయం. ఆ మాట నేను ముందే అడిగి ఉంటే మూడు మ్యాచ్‌లు మిగిలేవి.

పెద్దమనుషుల మాటకొస్తే, వాళ్ళను తప్పు పట్టకు. ఆ తరానికి హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే కోచ్ రహీం సాబ్ తయారు చేసిన ఆటగాళ్ళు, 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. చూసినవాళ్ళు కొందరే అయినా విని పెరిగినవాళ్ళే అందరూ. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిస్తే మళ్ళీ ఆశ పడ్డారు. ఇప్పుడు ఆ జట్టే నగరంలో లేదు. చేతిలో మిగిలిన ఒక్క పాత వస్తువు మీ క్లబ్బు 10వ నంబరు. దాన్ని ఇంకొకరి ఒంటి మీద చూడడం వాళ్ళకు కష్టంగానే ఉంటుంది. సచిన్ తెందూల్కర్ 10ని 2017లో శార్దూల్ ఠాకూర్ వేసుకుని శ్రీలంకలో మొదటి వన్డే ఆడితే మన జనం ఎంత గోల చేశారో చూశాం కదా. అతను తర్వాత 54కు మారాడు. జనానికి ఎదురు చెప్పి గెలవలేవు. రెండేళ్ళు ఆగినా వాళ్ళ మాట ఇదే ఉంటుంది, కాబట్టి వాళ్ళ కోసం ఆగకు.

మరి ఆ నంబరును ఎవరికీ ఇవ్వకుండా దాచిపెడితే పోలేదా అని నీకు అనిపించవచ్చు. నాపోలి వాళ్ళు మారడోనా 10ని దాచారు. అర్జెంటీనా వాళ్ళు 2002 ప్రపంచ కప్పుకు అదే చేయబోతే, నంబర్లు 1 నుంచి 23 దాకా వరుసగా ఉండాల్సిందేనని ఫిఫా ఒప్పుకోలేదు. ఏరియల్ ఒర్తేగా ఆ 10 వేసుకుని ఆడాడు. ఇరవై జెర్సీల మూటతో బస్సెక్కే క్లబ్బుకు ఒక అంకెను పెట్టెలో పెట్టుకునే స్థోమత లేదు.

మీ నాన్న భయం మాత్రం నిజమైనదే. ఓడితే తిట్లు పడతాయి. ఆయనకు వాదించి చెప్పకు, మొదటి మ్యాచ్‌కు తోడు తీసుకుపో. తిట్లు ఎంతసేపు ఉంటాయో, ఎప్పుడు చల్లారి చాయ్ దగ్గరికి మళ్ళుతాయో ఆయనే చూస్తారు. ఆ వాట్సాప్ ఫొటోను మాత్రం ఈ రోజే తీయించు. ఆ అన్న ఫోనుకు అది ఇప్పటికే చేరి ఉంటుంది, నువ్వు ఆయన దగ్గరికి పోకముందే నీ ఫొటో పోయింది. అందులో నీ తప్పు లేకపోయినా సరిచేయవలసింది నువ్వే.

ఇప్పుడు ఆ అన్న సంగతి. విరాసత్ మనిషి పోయాక జరిగేదని పైన అన్నాను. ఈయన రోజూ సాయంత్రం వచ్చి నీ ముందే కూర్చుంటున్నాడు. ఆట నుంచి తప్పుకున్నవాళ్ళ సంగతి మనం తొందరపడి తేల్చేస్తాం. మన సికింద్రాబాద్‌లోనే పుట్టిన సునీల్ ఛేత్రి 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్ మీద ఆడి దేశపు జట్టుకు వీడ్కోలు చెప్పాడు. స్టేడియం అంతా ఏడ్చింది. 2025 మార్చిలో అదే 11 వేసుకుని తిరిగి వచ్చి మాల్దీవుల మీద గోల్ కొట్టాడు. మీ అన్న మోకాలు సంగతి ఆయనకూ డాక్టరుకూ తెలియాలి. ఆయన మళ్ళీ ఆడాలనుకుంటున్నాడా అన్నది కోచ్‌కు కూడా తెలియకపోవచ్చు, ఎవరూ అడిగి ఉండరు. రొనాల్డో 2021లో యునైటెడ్‌కు తిరిగి వస్తే, అప్పటికి 7 వేసుకుంటున్న కవాని దాన్ని విప్పి ఇచ్చి 21 తీసుకున్నాడు. ఆ పరిస్థితి వస్తే నువ్వూ ఇవ్వు, కానీ "మీరొస్తే మీకే ఇస్తా" అని ముందుగా అనకు. అది వినయంలా వినబడుతుంది గానీ, ఆడలేని మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది.

ఆదివారం పోకు, జనం ఉంటారు. మామూలు రోజు, ప్రాక్టీసు అయ్యాక, ఆయన కుర్చీ మడుస్తున్నప్పుడు పో. కుర్చీ నువ్వు అందుకో. కోచ్ సార్ నంబరు ఇస్తానన్నాడని నీ నోటితో చెప్పు. అనుమతి అడగకు, దీవెన కూడా అడగకు. రెండూ ఆయనను ఇబ్బంది పెడతాయి. ఆట గురించి ఒకటి అడుగు: బంతి కాలి దగ్గరికి రాకముందు ఆయన ఎటు చూసేవాడో, ఎందుకు అక్కడే నిలబడేవాడో. 16 ఏళ్ళు ఒక చోట నిలబడిన మనిషికి ఆ చోటు గురించి చెప్పుకోవడానికి చాలా ఉంటుంది, అడిగినవాళ్ళే ఉండరు. అందులో ఎంత ఆయన మోకాలిదో, ఎంత నీకు పనికి వస్తుందో వింటుంటే నీకే తెలుస్తుంది.

ఇంకొక్కటి. నీకు కొత్త జెర్సీ అచ్చు వేయించుకో, నీ కొలతకు. క్లబ్బు పెట్టెలో ఉన్న ఆయన పాత 10ని పిల్లల టీముకో ప్రాక్టీసుకో వాడేయక ముందే తీసి, మడత పెట్టి, కోచ్ చేత ఆయన ఇంటికి పంపించు. నువ్వు తీసుకుపోకు, కోచ్ పోవాలి.